గట్టు తగలకముందే ఆగాలి

ఫిబ్రవరి 10, సోమవారం

ఏట్లో పోటు ఉదయం ఏడున్నరకి.

నిన్న వంతెన తెరిచారు. పంటు ఆగిపోయింది. ఇరవై రెండేళ్లు ఈ రేవులో పంటు నడిపే సరంగుగా ఉన్నాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి. మనుషులు, మోటార్‌సైకిళ్లు, పెళ్లివారు, గేదెలు, కార్లు, ఖాళీ లారీలు. వంతెన రావడం మంచిదే. నిన్న నేనూ మిఠాయి తిన్నాను. నాకేం బాధ లేదు.

అయినా ఈ రోజు అయిదింటికే రేవుకి వెళ్లాను. అలవాటు. చుక్కాని పట్టుకుని కాసేపు నిలబడి వచ్చేశాను. ఇంజను మీద ఎవరో టార్పాలిన్ కప్పారు. శుభ్రంగా కప్పారు.

ఇంటికి వచ్చేసరికి సత్యనారాయణమ్మ పెసరట్లు వేస్తోంది. "పెళ్లయి ఇరవై ఏళ్లయిందండి. మీకు పొద్దుటి పూట వేడివేడిగా పెట్టడం ఇదే మొదలు" అంది. నాలుగు తిన్నాను.

ఫిబ్రవరి 11

పోటు ఎనిమిదీ పదికి. రేవుకి వెళ్లలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

పోటు తొమ్మిది కావస్తుండగా. పౌర్ణమి.

మా బావమరిది నాగసతీష్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఒక కంపెనీలో బోటు మీద పని ఉందట. "మీకు కొత్తేం కాదు బావగారూ, నీళ్ల మీద పనే. రెండేళ్లు కళ్లు మూసుకుంటే గడిచిపోద్ది. మార్చి పదిహేను లోపు పాస్‌పోర్టు పంపించండి, మిగతాదంతా నేను చూసుకుంటాను" అన్నాడు. మంచివాడు. నా గురించి ఆలోచించడానికి వాడికేం అవసరం?

ఫోన్ పెట్టేశాక సత్యనారాయణమ్మ వైపు చూశాను.

"మీ ఇష్టమండి" అంది.

"నీ ఇష్టం" అన్నాను.

తర్వాత ఇద్దరం చాలాసేపు ఎండు రొయ్యలకి తలలు తీశాం. అక్కర్లేనన్ని తీశాం.

ఫిబ్రవరి 14

పోటు పదీ పావుకి.

పెద్దిరాజు గారు ఇంటికి వచ్చారు. పదిహేనేళ్లుగా నా పంటు మీద లారీ ఎక్కించిన మనిషి. సొంత లారీ. అంబాజీపేట నుంచి నాగపూర్‌కి కొబ్బరికాయలు వేసుకుని వెళతారు. లోడుతో ఉన్నప్పుడు చుట్టు తిరిగి ఎగువనున్న పెద్ద వంతెన మీదుగా పోయేవారు. ఖాళీ బండితో ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం నా పంటు ఎక్కేవారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చిన పని చెప్పారు.

"మా రెండో డ్రైవరు వీరబాబు కువైట్ ఎల్లిపోయేడండి. అంత దూరం ఒక్కణ్ణే తోలలేను. మీరొచ్చేయండి సరంగు గారూ."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మీకు లైసెన్సుంది కదండి."

"కారు లైసెన్సండి, అది కూడా ఎందుకు తీసుకున్నానో మీకు తెలుసు కదా" అన్నాను. కార్ల వాళ్లు చాలామందికి బల్లల మీదుగా పంటు ఎక్కించాలంటే గుండె దడ. తాళం నా చేతిలో పెట్టి దిగిపోయేవారు. నేనే ఎక్కించేవాణ్ణి, అవతలి గట్టున వెనక్కి దించేవాణ్ణి. ఎవరో అడిగితే చూపించాల్సి వస్తుందని ఆరేళ్ల కిందట రేవు కాంట్రాక్టరు గారు లైసెన్సు తీయించారు. అంతే. నా జీవితంలో ఒక్క ఊపులో నేను బండి నడిపిన దూరం నలభై అడుగులు. అందులో సగం వెనక్కి.

"నలభై అడుగుల బల్ల మీద నడిపినోడికి రోడ్డొక లెక్కా అండీ?" అన్నారు పెద్దిరాజు గారు. "నా బండి మీరు ఎక్కించిన రోజున నేను పక్కన నిలబడి చూసేను. నాకు జ్వరమొచ్చిన రోజది. గుర్తుందా అండి?"

గుర్తుంది. బయటికి మాత్రం లేదన్నాను.

ఫిబ్రవరి 15

పోటు పదకొండు కావస్తుండగా. లారీ అట! తలుచుకుంటే నవ్వొస్తోంది.

ఫిబ్రవరి 16

నవ్వొస్తూనే ఉంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

పోటు మధ్యాహ్నం దాటాక.

అంబాజీపేట వెళ్లాను. లారీ కోసం కాదు, రాజోలులో పని ఉండి బయల్దేరి, బస్సు దొరికింది కదా అని అలా వెళ్లాను. పెద్దిరాజు గారి బండికి కాయ ఎత్తుతున్నారు. కుప్ప దగ్గర నుంచి బండి దాకా మనుషులు వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి కాయలు విసురుతున్నారు. ఒక్కటీ కింద పడదు.

"ఎక్కండి" అన్నారాయన. సరే, పెద్దమనిషి మాట కాదనడం ఎందుకని ఎక్కాను.

పంటు మీద నేనెప్పుడూ నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉండేవాణ్ణి. ప్రపంచమంతా నాకు గట్టు పైన కనబడేది. ఈ సీట్లో కూర్చుంటే గోడల అవతలివి కనబడుతున్నాయి. ఎవరింటి మేడ మీదో అప్పడాలు ఆరబెట్టారు. ఒక పెద్దావిడ కాకిని తోలుతూ నన్ను చూసింది. చెయ్యి ఊపాను. ఆవిడా ఊపింది. ఎవరో ఏమిటో!

ఇరవై నిమిషాలు కూర్చున్నాను. సీటు బాగుంది. ఊరికే చూడ్డానికి వెళ్లాను, చూశాను, వచ్చేశాను.

ఫిబ్రవరి 24

రేవుకి వెళ్లలేదు.

అమలాపురంలో హెవీ లైసెన్సుకి ఎల్ఎల్ఆర్ తీసుకున్నాను. కాలక్షేపానికి. ఉమ నాలుగు రోజుల నుంచి రోడ్డు గుర్తులు నేర్పుతోంది. నా కూతురు ఇంటర్ పరీక్షలు పెట్టుకుని నాకు పరీక్ష పెడుతోంది. "నాన్నా, ఈ గుర్తుకి అర్థమేంటి?" అంటే "ముందు రేవుంది" అన్నాను. "అది జారుడు రోడ్డు నాన్నా" అని పడీపడీ నవ్వింది. వాళ్లమ్మ వంటింట్లోంచి "రేవు కూడా జారుడేనే" అని నా తరఫున మాట్లాడింది.

పాసయ్యాను.

మార్చి 2, ఆదివారం

మొదటి పాఠం. ఎండిపోయిన రొయ్యల చెరువులో. పెద్దిరాజు గారి బంధువుల చెరువట, ఈసారి పంట వేయలేదు. నాలుగెకరాల చదును, చుట్టూ గట్టు, గుద్దడానికి ఏమీ లేదని ఆయన ధైర్యం.

ఇంజను చెప్పిన మాట నాకు అర్థమవుతుంది. గేరు ఎప్పుడు మార్చాలో చెవికే తెలిసిపోతోంది. పెద్దిరాజు గారు మెచ్చుకున్నారు. తర్వాత కుడివైపు తిప్పమన్నారు.

చుక్కానిని ఎడమకి తోస్తే పంటు కుడికి పోతుంది. ఇరవై రెండేళ్లు నా చేతులు చేసిన పని అదే. కార్లు ఎక్కించినప్పుడు తిప్పే పని ఎప్పుడూ లేదు, తిన్నగా ముందుకి, తిన్నగా వెనక్కి. అందుకని ఆయన కుడి అన్నప్పుడల్లా నేను శ్రద్ధగా ఎడమకి తిప్పాను. చెరువంతా మేం అలాగే తిరిగాం. ఆయన "కుడండీ, కుడి" అంటూనే ఉన్నారు, నేను "ఆయ్, ఆయ్" అంటూనే ఉన్నాను.

చివరికి గట్టు వచ్చింది. నేను ముందే ఇంజను తగ్గించి, నెమ్మదిగా, ఎంతో మెత్తగా, ముందు చక్రాలు గట్టుకి ఆనించి ఆపాను. బండి ముక్కు కొంచెం పైకి లేచింది.

పెద్దిరాజు గారు పైకి లేచిన ఆ ముక్కుని చూశారు. తర్వాత అన్నారు: "సరంగు గారూ, గట్టు తగలకముందే ఆగాలండి."

"నేను జన్మలో ఎప్పుడూ గట్టు తగలకుండా ఆపలేదండి" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టి, తలుపు తీసుకుని కిందికి దిగి, చెరువులో కూర్చుని నవ్వారు. నేనూ దిగాను. గట్టు మీద గేదెలు మమ్మల్ని చూస్తూ ఉండిపోయాయి.

ఇలా నవ్వి ఎన్నాళ్లయిందో.

మార్చి 5

పాస్‌పోర్టు కనబడటం లేదు. సత్యనారాయణమ్మా నేనూ బీరువా అడుగు అరంతా తీసి వెతికాం. లేదు.

మార్చి 8

మళ్లీ అడుగు అర వెతికాం. లేదు.

మార్చి 9

నాగసతీష్ ఫోన్ చేశాడు. వెతుకుతున్నామని చెప్పాం.

"పై అరలో చూశారా నాన్నా?" అంది ఉమ.

"చూశాం" అన్నాను. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ కూడా "చూశాం" అంది.

మార్చి 10

రేవుకి వెళ్లాను. వేరే పని మీద అటు వెళ్లాల్సి వచ్చింది. పంటుని ఒడ్డుకి లాగేశారు. బల్లలు ఊడదీస్తున్నారు. సత్యదుర్గారావు, నా పంటు మీద టిక్కెట్లు కోసినవాడు, పక్కనే కూర్చుని చూస్తున్నాడు. వాడికి వంతెన అవతల టీ కొట్టు పెట్టుకోవాలని ఉందట. కాసేపు కూర్చుని వచ్చాను.

వాడి టీ కొట్టు కళకళలాడాలి.

మార్చి 12, బుధవారం

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి.

పది రోజులుగా ఖాళీ బండి మీదే నేర్చుకుంటున్నాను. కుడి ఎడమలు దారికి వచ్చాయి కానీ నా నడక బాగోలేదు. ఖాళీ లారీ గుంట కనబడితే చాలు ఎగిరెగిరి పడుతుంది. బ్రేకు మీద కాలు వేస్తే టక్కున నిలబడిపోతుంది, లోపల మా తలకాయలు ఊగిపోతాయి. వెనక వచ్చేవాళ్లు తిట్టుకుంటూ పోతున్నారు. నిన్న ఇంటికి వస్తూ, ఇది మనకి అబ్బే విద్య కాదు, రేపు పెద్దిరాజు గారితో చెప్పేద్దాం అనుకున్నాను. పై అర కూడా గుర్తొచ్చింది.

చెబుదామనే ఈ రోజు వెళ్లాను. ఆయన అప్పటికే లోడు వేయించి ఉన్నారు. రావులపాలెం దాకా పోవాలి. నేను నోరు తెరిచేలోపే అటు వైపు ఎక్కి కూర్చున్నారు.

"లోడు బండి నేనా అండీ?"

"నేను పక్కనే ఉంటాను కదండి. కాలవ రోడ్డు ఖాళీగా ఉంటాది. పోనియ్యండి."

ఒకటో గేరు. బండి వెంటనే కదల్లేదు. ఒక క్షణం ఆలోచించుకుంది. తర్వాత, వెనకనున్న బరువంతా ఒక్కసారిగా ఒప్పుకున్నట్టు, మెల్లగా జరిగింది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఈ కదలిక నాకు తెలుసు! తీర్థం రోజున రెండు వందల మంది ఎక్కిన పంటు ఇలాగే కదులుతుంది. తొందరపెడితే వినదు. ఆపాలంటే అక్కడికక్కడ ఆగదు, ముందే అనుకోవాలి, ముందే వదలాలి, మిగతా దూరం బరువే తీసుకెళుతుంది. మలుపు దగ్గర కూడా అంతే, కాస్త ముందుగా చెప్పిపెట్టుకోవాలి. ఇన్నాళ్లూ నేను ఖాళీ లారీలనే చూశాను, ఖాళీ లారీలనే మోశాను. లారీ అంటే అదే అనుకున్నాను. లోడు వేస్తే ఇది వేరే ప్రాణి.

కాలవ పక్కన కొబ్బరిచెట్ల నీడలు అద్దం మీద నుంచి పోతున్నాయి. నా భుజాలు ఎప్పుడు దిగాయో నాకే తెలియలేదు. ఎదురుగా ఒక ఆటో ఆగి మనుషుల్ని దింపుతోంది. నేను చాలా ముందుగానే కాలు తీసేశాను. బండి అలా పోతూ పోతూ, ఆటోకి రెండు బారల ఇవతల, ఎవరూ ఊగకుండా ఆగింది. సీటు పక్కన పెట్టిన సీసాలో నీళ్లు కూడా కదల్లేదు.

పెద్దిరాజు గారు ఆ సీసా వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"ముప్పయ్యేళ్లు తోలేనండి. నాకిది పదేళ్లకి వచ్చింది" అన్నారు.

రావులపాలెం వచ్చే వరకూ మళ్లీ స్టీరింగు అడగలేదాయన. ఒక చోట కళ్లు మూసుకున్నారు కూడా. నిద్రపోలేదు, ఊరికే మూసుకున్నారు. అంతకంటే గౌరవం నాకెవరూ చేయలేదు.

చెబుదామని వెళ్లిన మాట చెప్పడం మరిచిపోయాను.

మార్చి 14, శుక్రవారం

రేపటితో నాగసతీష్ గడువు. సత్యనారాయణమ్మ పెరట్లో కొబ్బరి కోరుతోంది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. చేతిలో పని ఆపకుండానే అంది:

"పాస్‌పోర్టు పై అరలో ఉందండి. మీ పట్టుపంచె కింద. నేనే పెట్టేను."

"నాకు తెలుసు" అన్నాను.

కోరడం ఆపింది.

"మనం వెతకడానికి ముందు రోజే చూశాను. చూసి మళ్లీ అక్కడే పెట్టాను."

"పంచె మడత మారిందేటా అనుకున్నాను!" అంది. మొహం ఎర్రబడింది. "మరి నాతో పాటు కింద అర ఎందుకు వెతికేరండి, రెండుసార్లు?"

"నువ్వు వెతుకుతున్నావు కదా అని."

"నేను మీరు వెతుకుతున్నారని వెతికేను."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తమ్ముడికి ఏం చెప్పాలో తెలీలేదండి. వాడు మంచికే చెప్పేడు. మీకు నీళ్లంటే ప్రాణం, వద్దంటే మీరు ఏమనుకుంటారో అని..." అంది.

"రెండేళ్లు నిన్ను చూడకుండా నీళ్లు చూస్తూ ఏం చేయను?" అన్నాను. ఇంత మాట నేను ఎప్పుడూ అనలేదు. ఉమ ఇంట్లో లేదు కాబట్టి అన్నాను.

నాగసతీష్‌కి ఆవిడే ఫోన్ చేసింది. "దొరికిందా అక్కా?" అన్నాడు వాడు.

"పాస్‌పోర్టు దొరికిందిరా. మీ బావే దొరకరు" అంది.

వాడు అర్థం చేసుకున్నాడు. లారీ ఫోటో పంపమన్నాడు.

అలాగని లారీయే అని నేనేమీ నిశ్చయించుకోలేదు. చూద్దాం.

మార్చి 30

ఉగాది. పెద్దిరాజు గారింట్లో భోజనం. వాళ్లావిడ వీరాయమ్మ గారు మా ఇద్దరికీ చెరో బొబ్బట్టు ఎక్కువ వేశారు. డ్రైవర్లకట.

ఏప్రిల్ 13, ఆదివారం

సత్యనారాయణమ్మ లారీ ఎక్కింది. తనే అడిగింది. "మీరు రోజూ దేని మీద కూర్చుని అంత కులాసాగా వస్తున్నారో నేనూ చూడాలి" అంది. మెట్టు ఎత్తుగా ఉంటే పెద్దిరాజు గారు పీట తెచ్చి వేశారు. కొత్త చీర కట్టుకుంది, బండారులంక నేత, పచ్చంచు. మధ్యలో కూర్చుంది.

లోడు బండి. గట్టు మీద సన్నటి రోడ్డు. ఒక పక్క కాలవ, ఒక పక్క వరి. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి ఎదురుగా బస్సు. బస్సు వెనక రెండు ఆటోలు, ట్రాక్టరు. వాళ్లు వెనక్కి పోలేరు. పక్కకి జరగడానికి జాగా ఉన్నది మా వెనకే, దగ్గర దగ్గర అర కిలోమీటరు.

పెద్దిరాజు గారికి మెడ నొప్పి, తిరిగి చూడలేరు. ఆయన నా వైపు చూసి "మీ పనేనండి ఇది" అన్నారు.

అద్దంలో చూసుకుంటూ వెనక్కి పోనిచ్చాను. రోడ్డు కాస్త వెడల్పయిన బల్లలా ఉంది. ఒక పక్క నీళ్లుంటే నాకు ధైర్యం. ఎక్కడా ఆపలేదు, మళ్లీ ముందుకు లాగలేదు. వెళ్లి జాగాలో పెట్టేసరికి బస్సు పక్కకి వచ్చి నిలబడింది. బస్సు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టాడు. లోపలి వాళ్లంతా ఇటే చూస్తున్నారు.

ఎప్పుడూ కొత్తవాళ్లతో మాట్లాడని మా ఆవిడ కిటికీ దాకా వంగి, బస్సు మొత్తానికి వినబడేలా "మా ఆయనండి!" అంది.

ఏప్రిల్ 22

అమలాపురంలో హెవీ లైసెన్సు పరీక్ష. ముందు వెనక్కి తోలమన్నారు. తోలాను. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు మిగతా వాళ్లందరినీ పిలిచి, మళ్లీ ఒకసారి తోలండి వీళ్లు చూస్తారు అన్నారు. మళ్లీ తోలాను. తర్వాత ముందుకి తోలమన్నారు. ఆ సంతోషంలో కుడి అంటే ఎడమకి తిప్పాను.

"వెనక్కి బ్రహ్మాండంగా తోలేరండి. ముందుకే బాగోలేదు. వచ్చే వారం రండి" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే ఉమ అన్నం తినడం మానేసి నవ్వింది.

ఏప్రిల్ 29

ముందుకి కూడా పాస్.

జూన్ 16, సోమవారం

ఉమని డిగ్రీలో చేర్పించడానికి అమలాపురం వెళ్లాం. మొదటి తొలకరి పడి రోడ్డంతా మట్టి వాసన. కాలేజీలో ఫారం ఉమే నింపింది. నేను పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. తండ్రి వృత్తి అన్న చోటికి వచ్చింది. అక్కడ కొంచెం ఆగుతుందని, నన్ను అడుగుతుందని అనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో సర్దుకుంటున్నాను. లైసెన్సు వచ్చి నెలన్నర అయింది, దగ్గర లోడ్లన్నీ నేనే తోలుతున్నాను, అయినా ఇదే నా పని అని ఎవరితోనూ పైకి అనలేదు.

అది ఆగలేదు. లారీ డ్రైవర్ అని గుండ్రటి అక్షరాలతో రాసేసి, కింది గడిలోకి పోయింది.

కౌంటర్‌లో ఉన్న మేడమ్ గారు ఫారం చూసి, "మీది ఏ రూటండి?" అని అడిగారు.

చెప్పాను. అంబాజీపేట నుంచి ఎటు పోతామో, ఎక్కడ ఘాట్ రోడ్డు మొదలవుతుందో, దిగేటప్పుడు ఎందుకు గేరు మార్చకూడదో, ఎక్కడి పప్పు బాగుంటుందో. అవన్నీ పెద్దిరాజు గారు చెప్పినవి. నేనింకా రావులపాలెం దాటలేదు. ఆవిడ కలం పక్కన పెట్టి విన్నారు. వెనక వరస పెరిగిపోయింది. ఉమ నా చొక్కా లాగింది.

"నాన్నా, ఆవిడ మర్యాదకి అడిగేరు" అంది బయటికి వచ్చాక.

"నేనూ మర్యాదకే చెప్పాను" అన్నాను.

జూన్ 18, బుధవారం

రేపు నాగపూర్‌కి నా మొదటి లోడు. నేనూ పెద్దిరాజు గారూ.

సాయంత్రం ఉమ గడపలో కూర్చుని, "నాన్నా, అక్కడినుంచి నాకేం తెస్తారు?" అంది.

ఇరవై రెండేళ్లు రోజూ అవతలి గట్టుకి వెళ్లి వచ్చాను. ఏం తెస్తావని ఒక్కరోజు ఒక్కరూ అడగలేదు. అడగడానికి అక్కడేముంది, ఇక్కడున్నదే.

"ఏం కావాలమ్మా?"

"కమలాపళ్లు."

"ఇప్పుడు కాపు ఉండదేమో."

"అయితే అక్కడ ఏముంటే అది."

సత్యనారాయణమ్మ తనకేమీ వద్దంది. అరగంట తర్వాత వచ్చి, అటువైపు జొన్నరొట్టెల పెనం బాగుంటుందని వీరాయమ్మ గారు చెప్పారంది. పక్కింటి ఆంజనేయప్రసాద్ గోడ మీంచి విని, వాళ్లమ్మకి ఒక రగ్గు కావాలన్నాడు. వాళ్లమ్మ లోపలినుంచి, రంగు ఎరుపు అని కేకేసింది.

పెనం. రగ్గు, ఎరుపు. ఉమకి, అక్కడ ఏముంటే అది.

అయిదింటికి బయల్దేరాలి. ఇంక బట్టలు సర్దుకుంటాను.